మా అన్నయ్య వెయ్యని సూది

మా ఊరు ఇస్మాయిలియాలో రైల్వే స్టేషన్ వెనక మా అన్నయ్య వహీద్‌కి చిన్న జిమ్ ఉంది. నేను బరువులెత్తడం నేర్చుకుంది అక్కడే. ఆఫ్రికా పోటీలు ఇంకా పది వారాలున్నాయనగా, నూట పాతిక కిలోలు భుజాన వేసుకుని గొంతుకూర్చుని లేవబోతుంటే ఎడమ మోకాలి చిప్ప కింద ఏదో చురుక్కుమని లాగింది. బార్ వదిలేసి వెనక్కి పడ్డాను.

స్కాన్ చూసిన డాక్టర్ సఫీనాజ్ మెత్తగానే చెప్పింది. "చిప్పని కాలి ఎముకకి పట్టి ఉంచే టెండన్ కొంత చిరిగిందమ్మా నజ్లా. పూర్తిగా తెగలేదు, నయం. ఈ ఏడాది పోటీలు మాత్రం మర్చిపో."

మర్చిపోవడం నా వల్ల కాలేదు. జిమ్‌లో అందరి నోటా పెప్టైడ్ మాటే. చిన్న గాజు బుడ్డీలో తెల్లటి పొడి. నీళ్లు కలిపి పొట్ట దగ్గర చర్మం కింద సూదితో వేసుకుంటారు. చిరిగిన టెండన్లు తొందరగా అతుక్కుంటాయంటారు. అన్నయ్యే రెండేళ్ల క్రితం మోచేతి నొప్పికి వేసుకున్నాడు, తగ్గింది. అప్పట్నుంచి వచ్చినవాళ్లందరికీ అదే కథ.

మర్నాడు కుంటుకుంటూ వెళ్లాను.

"అన్నయ్యా, నాకూ వెయ్యి."

"డాక్టరమ్మ ఏమంది?"

"అడగలేదు. ఫ్రిజ్‌లో ఇంకా రెండున్నాయిగా, నీ జున్ను డబ్బా వెనకాల."

"ఓహో, నా ఫ్రిజ్ మీద కూడా కన్నేశావా!"

నవ్వుతూనే మందు కలిపాడు. నేను చొక్కా అంచు పైకెత్తాను. సూది నా ఒంటికి జానెడు దూరంలో ఆగిపోయింది.

"నా వల్ల కాదే."

"ఊరందరికీ దీని గొప్ప చెప్తావుగా!"

"వాళ్లనెవరూ సీసాలో ఉచ్చపొయ్యమనరే పిచ్చిమొహమా! నిన్నంటారు. ఇది ఆటగాళ్లు వాడకూడని మందుల జాబితాలో ఉంది. దొరికితే నాలుగేళ్లు పోటీల్లేవు." బెంచీ మీద కూలబడి గొంతు తగ్గించాడు. "నిజం చెప్పనా? నా మోచెయ్యి దీనివల్ల తగ్గిందో, ఆర్నెల్లు బరువు ముట్టుకోకపోతే తగ్గిందో నాకే తెలీదు. ఎలుకల్లో పనిచేసిందంటారు. మనుషుల సంగతి ఎవరూ సరిగ్గా తేల్చలేదు. బుడ్డీలో చీటీ మీద రాసిందే ఉందో లేదో దేవుడికెరుక. నా ఒంట్లోకైతే పొడుచుకున్నా. నీ ఒంట్లోకి పొడవలేను."

"నేను గెలవడం నీకు కుళ్లు!" అన్నాను. తను ఎన్నడూ జిల్లా దాటి ఆడలేదు. అన్నయ్య బెంచీ మీంచి లేచాడు. మందంతా సింకులో ఒంపేశాడు.

నాలుగు రోజులు అతనితో మాట్లాడలేదు. ఐదో రోజు పొద్దున్నే ఉడికించిన చిక్కుడుగింజల వేడి ఫూల్ గిన్నె, రొట్టెలు, డాక్టరమ్మ రాసిచ్చిన వ్యాయామాల కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ముందు తిను. తర్వాత తిట్టుకుందువుగాని."

ఆ రోజు నుంచి ఎనిమిది నెలలు, జిమ్ తెరిచే ముందు గంటసేపు మేమిద్దరమే. గోడకానుకుని మెల్లగా దిగడం, ఆగడం, మెల్లగా లేవడం. నేనెన్ని చేస్తే తనూ అన్ని, పొట్ట ఊగుతుండగా, రొప్పుతూ. "ఐదు లెక్కపెట్టాలి, మూడు కాదు, దొంగా!" నొప్పి పెరిగిన రోజున వెంటనే డాక్టరమ్మకి ఫోన్ చేసేవాడు, ఆవిడ బరువు తగ్గించమంటే తగ్గించేవాడు.

ఆఫ్రికా పోటీల రోజున నా చోట ఇంకో అమ్మాయి ఎత్తడం ఫోన్లో చూసి ఏడ్చాను. అన్నయ్య ఓదార్చలేదు. పుదీనా టీ పెట్టి పక్కన కూర్చున్నాడు. అప్పుడే అతని చెయ్యి పట్టుకుని, నోరు జారినందుకు క్షమించమన్నాను.

"టీ చల్లారిపోతోంది," అన్నాడు.

మరుసటి ఏడు వెళ్లాను. కాంస్యం వచ్చింది. వేదిక దిగగానే పరీక్ష గదికి తీసుకెళ్లారు. నా ముందున్న అమ్మాయి గోళ్లు కొరుక్కుంటోంది. నేను సీసా నింపి, సంతకం చేసి, హాయిగా బయటికొచ్చాను. పతకం నా రెక్కల కష్టం. ఆ హాయి మాత్రం మా అన్నయ్య పెట్టిన భిక్ష.

ఇప్పుడు జిమ్‌లో ఎవరైనా ఆ మందు అడిగితే, అతను డాక్టర్ సఫీనాజ్ నంబరిస్తున్నాడు.