సంతకం పెట్టని కోతగాడు

అల్వాల్ అవతలి పాత అడవిలో రజిత అనే అమ్మాయి చేయి విరిగినప్పుడు మేం పదిహేను మంది కోతగాళ్లం పక్కనే ఉన్నాం. కార్మికులారా, విద్యార్థులారా, ఈ మాట ముందే చెప్పాలి. తర్వాత చేసిన పని చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. ఆ పొద్దున మాత్రం మేం చూస్తూ నిలబడ్డాం.

మాది మెట్టుగూడ అడ్డా. పొద్దున్నే రంపాలు పట్టుకుని నిలబడితే కాంట్రాక్టర్లు వచ్చి పనికి తీసుకుపోతారు. ఆ ఎండాకాలం విజయేందర్ అనే కాంట్రాక్టర్ తీసుకుపోయాడు. నూరెకరాల పైచిలుకు అడవి. మా తాతల నాటి నుంచి ఎవరూ అక్కడ రంపం పెట్టలేదు. మద్ది, ఏగిస, బిల్లుడు చెట్లు. కొన్ని మానులు ఇద్దరు చేతులు కలిపినా అందవు. అక్కడ పెద్ద పెద్ద భవనాలు లేస్తాయట. మాకు ఆరు నెలల పని. అప్పటికి రెండు నెలలుగా ఖాళీగా ఉన్నవాళ్లం, ఎవరం ఏమీ అడగలేదు.

నాలుగో రోజు చెట్లు కొట్టొద్దని విద్యార్థులు వచ్చారు. రజిత తిరుమలగిరి పిల్ల, లా చదువుతోంది. వచ్చీ రాగానే ఒక ఏగిసను రెండు చేతులా పట్టుకుంది. ఆ చెట్టును కోస్తున్నది మావాడు సదాశివ. అప్పటికే జానెడు లోతు దిగింది రంపం. ఏగిసను కోస్తే ఎర్రటి జిగురు కారుతుంది. అదంతా ఆ పిల్ల బట్టలకు అంటింది. సదాశివ మిషన్ రంపం ఆపేశాడు. విజయేందర్ వచ్చి ఎందుకు ఆపావని గద్దించాడు.

"మనిషున్నది సేట్" అన్నాడు సదాశివ.

నలుగురు కాంట్రాక్టర్ మనుషులు ఆమెను ఈడ్చారు. ఆమె మాను వదల్లేదు. ఎముక విరిగిన చప్పుడు మాకందరికీ వినబడింది.

అదే పూట ఒక దుంగ చీలి, చెక్క ఎగిరి మా మేస్త్రి యేసురాజు నుదుటికి తగిలింది. నాలుగు కుట్లు పడ్డాయి. విజయేందర్‌కు అది చాలింది. సాయంత్రం మమ్మల్ని స్టేషన్‌కు తీసుకుపోయి కాగితం ముందు పెట్టాడు. రజిత రాయితో కొట్టి యేసురాజు తల పగలగొట్టిందని, మేమంతా చూశామని అందులో రాసి ఉంది. సంతకం పెట్టకపోతే రేపటి నుంచి పని లేదన్నాడు. పధ్నాలుగు మందిమి పెట్టాం. అందులో నాదొకటి.

సదాశివ కాగితం చదివి బల్ల మీద పెట్టేశాడు.

"చెక్క లేచి తాకింది సార్. నా కండ్లతోని చూసిన. గిది నేను పెట్ట."

రజిత చేతికి కట్టుతోనే జైలుకు పోయింది.

మర్నాడు అడ్డా మీద పెద్ద గొడవ. చదువుకున్న పిల్లలకు చెట్లు కావాలి, వాళ్లకు తినడానికి ఉంది, మనకు రంపం తప్ప ఏముందన్నారు మావాళ్లు. అందులో అబద్ధం లేదు. సదాశివ కూడా కాదనలేదు. ముప్పై ఏండ్లుగా కోస్తున్నానని, రేపూ కోయాల్సిందేనని ఒప్పుకున్నాడు. కానీ ఆడపిల్ల మీద అబద్ధం చెప్పి తినే కూడు తనకు దిగదన్నాడు. యేసురాజు కట్టు కట్టిన తలతో లేచి, నువ్వు పోయి నిజం చెబితే సేట్ మా పని తీసేయడా, నీ ఒక్కడి నీతి కోసం మా పధ్నాలుగు కడుపులు మాడాలా అని అడిగాడు. ఆ రోజు నుంచి సదాశివతో మాట్లాడవద్దని అనుకున్నాం.

మనిషిని వెలివేయడానికి పెద్ద పనేమీ చేయనక్కర్లేదు. అతను ఛాయ్ బండి దగ్గరికి వస్తే మేం రోడ్డు అవతలికి పోయేవాళ్లం. నేనూ పోయాను. పనికి ఎవరూ పిలిచేవారు కాదు. మధ్యాహ్నం దాకా ఒక్కడే రంపం కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చుని, తెచ్చుకున్న రొట్టె గోడవైపు తిరిగి తిని, ఇంటికి నడిచిపోయేవాడు. ఇంట్లోనూ ఎవరూ లేరు. భార్య చనిపోయి నాలుగేండ్లు. పిల్లలు లేరు.

అడవి గేటు దగ్గర విద్యార్థులు వేసుకున్న టెంటుకు కూడా పోయాడట. నిజం చెప్తాను, మీ వకీలును చూపించమన్నాడు. ఏగిసను కోసింది ఇతనేనని ఒకరు గుర్తుపట్టారు. ఎవరూ తిట్టలేదు. ఉన్న మాటలు ఆపేసి, అతను లేచి పోయేదాకా ఊరుకున్నారు.

"తిట్టినా మంచిగుండె" అన్నాడు తర్వాత నాతో. "ఒక్కలన్న నాతోని మాట్లాడినట్లుండె."

అయినా మానలేదు. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం నుంచి కోర్టు మెట్ల దగ్గర నిలబడి, రజిత తరఫు వకీలు ఎవరని నల్లకోటు వేసిన ప్రతివాడినీ అడిగేవాడు.

పన్నెండో రోజు అడవిలోకి యంత్రాలు వచ్చాయి. ఇనుప చేయి మానును పట్టుకుంటుంది, మొదలు కోస్తుంది, కొమ్మలు గీకేస్తుంది. మాకు అరపూట పట్టే చెట్టు ఛాయ్ తాగేలోపు దుంగయి పడుతోంది. విజయేందర్ మమ్మల్ని గేటు బయటే నిలబెట్టి ఇక రావద్దన్నాడు. కొమ్మలేరుకుని కట్టెలమ్ముకునే ఆడవాళ్లను కూడా రానీయలేదు. కొమ్మలూ ఫ్యాక్టరీకే పోతాయట. యేసురాజు అతని చేతులు పట్టుకున్నంత పని చేశాడు. మీ మాట విని సంతకం పెట్టాం కదా సేట్ అన్నాడు. విజయేందర్ కారు అద్దం ఎత్తేసుకున్నాడు.

కట్టెలేరే ఆడవాళ్లకు పెద్దది కమలాబాయి. మోపు కింద తల మీద పెట్టుకునే చుట్టకుదురు తీసి దులిపింది.

"ఆ పిల్లను గుంజినప్పుడు జూస్కుంట నిలవడ్డం. ఇయాళ మన దిక్కు జూసేటోడు లేడు. నడువుండ్రి, సదాశివ కాడికి పోదాం."

మాలో ఎవరికీ ముఖం లేదు. ఆమే కోర్టుకు పోయి పిలుచుకొచ్చింది. రైల్వే క్వార్టర్ల వెనక మైదానంలో కూర్చున్నాం. సదాశివ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఒకటే అడిగాడు.

"రేపు సేట్ మళ్ల పనిస్తనంటే ఏం జేస్తరు?"

ఆ ప్రశ్న అంత తేలికది కాదు. ఇండ్లలో పిల్లలున్నారు. ఒకడు, పోతా అన్నాడు నిజాయితీగా. అప్పుడు వాదన మొదలైంది, పొద్దు గూకేదాకా సాగింది. అడవి మొత్తం పోయాక మాకు పనెక్కడిదని కమలాబాయి అడిగింది. వానాకాలం ఊరంతా కూలే చెట్లను ఎత్తే పని, ఎండిన మానులు తీసే పని, మొక్కలు పెంచే పని మేం పెట్టుకోబోయే సంఘానికి సర్కారు ఇవ్వాలని నేనన్నాను. పాత మాను మీద రంపం పెట్టవద్దని, రజిత మీది కేసు ఎత్తేయాలని సదాశివ అన్నాడు. ఇవి ఒప్పుకునేదాకా యంత్రాలను కదలనీయవద్దన్నదానికి పోతా అన్నవాడు కూడా చివరికి చేయెత్తాడు. యేసురాజు మాత్రం చేయెత్తలేదు.

మర్నాడు పొద్దున నలభై మందిమి యంత్రాలకు అడ్డంగా కూర్చున్నాం. టెంటులోని విద్యార్థులు దూరం నుంచి చూశారు. మమ్మల్ని నమ్మాలో వద్దో వాళ్లకు తెలియలేదు. కాసేపటికి ఒకమ్మాయి వచ్చి సదాశివ పక్కన కూర్చుంది. ఆమె వెనకే మిగతావాళ్లు వచ్చారు. యంత్రాలు ఆగాయి. పోలీసులు వచ్చి, అందరినీ రెచ్చగొట్టింది ఇతనేనని సదాశివను ఒక్కణ్నే వ్యాన్ ఎక్కించారు.

మేం వ్యాన్ వెనకే స్టేషన్‌కు నడిచాం. పాత కాగితం అబద్ధమని రాసుకోమన్నాం. అబద్ధపు సాక్ష్యం చెప్పామని ఒప్పుకుంటే మీ మీదా కేసవుతుంది, ఆలోచించుకోండని ఇన్‌స్పెక్టర్ నిదానంగా అన్నాడు. అప్పటిదాకా నోరు విప్పని యేసురాజు ముందుకు పోయి నుదుటి మీది కుట్ల మచ్చ చూపించాడు.

"చెక్క తాకింది సార్. ఆ బిడ్డ నన్ను ముట్టలే. కేసైతే కానీయుండ్రి."

అతని వెనక పదముగ్గురం వరసగా నిలబడ్డాం.

రజితకు బెయిల్ వచ్చింది. అడవిలో మూడో వంతు పోయింది, అది తిరిగి రాదు. మిగిలినదాని మీద కోర్టులో కొట్లాట నడుస్తోంది. మా పధ్నాలుగు మంది మీదా కేసులున్నాయి. సదాశివ ఇంకా జైల్లోనే ఉన్నాడు. శనివారం ములాఖత్‌కు ఇద్దరినే రానిస్తారు. మొదటి వారం నేను, కమలాబాయి పోయాం. ఇనుప జాలీ అవతల మనిషి సగమయ్యాడు. బ్యారక్‌లో తనతో మాట్లాడేవాళ్లు లేరన్నాడు. రాత్రుళ్లు తనలో తనే మాట్లాడుకుంటున్నానని నవ్వబోయి ఆగిపోయాడు.

పోయిన శనివారం ములాఖత్‌కు ముప్పై ఒక్క మందిమి పోయాం. మెడకు వేలాడే కట్టుతో రజిత, యేసురాజు లోపలికి పోయారు. మిగతావాళ్లం గోడ బయట నిలబడి, లోపల వినబడేలా అతని పేరు పిలిచాం. ఒకరి తర్వాత ఒకరం ఎవరి పేరు వాళ్లం చెప్పాం, బయట ఎవరెవరున్నారో అతనికి తెలియాలని. జవాన్లు తరిమేదాకా చెబుతూనే ఉన్నాం.

అక్కడి నుంచి ఇండ్లకు పోలేదు. మిగిలిన మానులకు కాపలా కాయడానికి అడవికి పోయాం.