కొత్త టైర్ల మర్యాద

మా ఆయన మందుల షాపులో పనిచేస్తారు. చీటీ మీద డాక్టరు గీసిన కోడిగీతలను రెండు మూడుసార్లు చదివి, అనుమానం వస్తే ఫోన్ చేసి కనుక్కుని, అప్పుడు గానీ మాత్ర చేతికివ్వరు. అంత జాగ్రత్త మనిషి. అదే మనిషి సాయంత్రం తన నీలం రంగు స్పోర్ట్స్ కారులో కూర్చున్నారంటే పూనకం వచ్చినట్టే. మరెవరో నడిపి వదిలేసిన కారును మోజుపడి కొనుక్కున్నారు. రెండే సీట్లు. ఒకటి ఆయనది, రెండోది నాది. ఆ రెండో సీట్లో నేను కుదురుగా కూర్చున్న రోజు లేదు. మలుపు వస్తే తలుపు పిడి పట్టుకుని వేలాడడం, ఎదురుగా బండి కనబడితే నా కాళ్ల కింద లేని బ్రేకును తొక్కడం. ఇల్లు చేరేసరికి పిక్కలు పట్టేసేవి.

చెప్పలేదా అంటే చెప్పాను. నవ్వుతూ చెప్పాను, అలిగి చెప్పాను, కళ్లు తిరుగుతున్నాయని వంక పెట్టి చెప్పాను. "నీది మరీ పిరికి గుండె" అని నవ్వేసేవారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉండేది. కిందటి నెల ఒక లారీని దాటబోయి, ఎదురుగా ఇంకో లారీ రావడంతో వెంట్రుకవాసిలో తప్పించారు. ఇంటికి రాగానే మెట్ల మీదే కూలబడి ఏడ్చేశాను. "ఇంక నేను మీ కారెక్కను" అన్నాను.

మర్నాటి నుంచి నా ఉద్యోగానికి, అంటే కళ్లజోళ్ల షాపుకి, బస్సులో వెళ్లడం మొదలుపెట్టాను. ఆయన పొద్దున్నే నా సంచీ అందించి, గుమ్మంలో నిలబడి చూసేవారు. ఏదో ఆలోచిస్తున్నారనుకున్నాను. నిజంగానే ఆలోచిస్తున్నారు. కారు టైర్లు అరిగి నున్నగా అయిపోయాయట.

శనివారం టైర్ల షాపుకి నన్నూ రమ్మన్నారు. మా వీధి చివరే కాబట్టి నడిచి వెళ్లాను. కింది నుంచి పైకప్పు దాకా నల్లటి టైర్లు, ముక్కు పగిలే రబ్బరు వాసన, గాలి మిషన్ రొద. షాపాయన మూడు రకాలు తెచ్చి మా ముందు దొర్లించాడు.

"ఇది చాలా కాలం వస్తుంది సార్, పట్టు మాత్రం తక్కువ. ఇదేమో రేసుల వాళ్లు వేసుకునేది. ఎండలో రోడ్డుకి జిగురులా అంటుకుంటుంది, వాన పడిందా, దేవుడే దిక్కు. ఈ మూడోది తడిలో కూడా జారదు, కాకపోతే తొందరగా అరుగుతుంది."

ఈయన మోకాళ్ల మీద కూర్చున్నారు. టైరు పక్కన అచ్చేసిన అంకెలు, అక్షరాలు వేలు పెట్టి చదివారు. రబ్బరును గోటితో నొక్కారు. ఎప్పుడు తయారైందో చూశారు. మూడింట్లో ఒకటి పాతదని పట్టుకుని, దానికి బదులు ఇంకొకటి తెమ్మన్నారు.

"నన్ను చేసుకునే ముందు కూడా ఇన్ని చూడలేదండీ" అన్నాను. షాపాయన పగలబడి నవ్వాడు. ఈయన మాత్రం తల ఎత్తకుండా, "ఆ మూడోదే ఇవ్వండి. తడిలో జారకూడదు, అదే ముఖ్యం" అన్నారు.

ఆ మాటకి నా గుండె కాస్త కరిగింది. రేసు టైర్ల వైపు అంత ఆశగా చూసిన మనిషి జారనివి కావాలంటున్నారంటే ఎవరి కోసం? ఇంకెవరి కోసం, నా కోసమే. అంతలో అక్క ఫోన్ చేసింది. లోపల రొదలో ఏమీ వినబడక బయటికి వచ్చాను. మర్నాడు భోజనానికి ఇద్దరినీ రమ్మంది. మాట్లాడుతూ అద్దంలోంచి లోపలికి చూశాను. షాపాయన ఏదో వివరంగా చెబుతున్నాడు, ఈయన చేతులు కట్టుకుని బుద్ధిమంతుడిలా తలాడిస్తున్నారు. ఖర్చు సంగతి కాబోలనుకున్నాను.

ఆ సాయంత్రం ఈయనే నా దగ్గరికొచ్చి, "రేపు మీ అక్కావాళ్లింటికి కారులో వెళ్దామా? మెల్లగా తీసుకెళ్తాను" అన్నారు.

మెల్లగా! ఆ మాట ఈయన నోటి నుంచి వినడం అదే మొదలు. అక్క ఉండేది వేరే ఊళ్లో, రెండు గంటల దారి. సరేనన్నాను.

నిజంగానే మెల్లగా తీసుకెళ్లారు. సిగ్నల్ దగ్గర ఎప్పుడాగామో తెలియలేదు, ఎప్పుడు కదిలామో తెలియలేదు. మలుపుల్లో ఒళ్లు ఒరగలేదు. ఎవడో కుర్రాడు డొక్కు స్కూటర్ మీద మమ్మల్ని దాటిపోతూ వెనక్కి తిరిగి వెక్కిరించినా ఈయన పళ్లు కొరకలేదు. ఆ దారిలో ఎన్నిసార్లు వెళ్లి ఉంటానో, పక్కన పూల మొక్కలు పెంచి అమ్మే తోట ఒకటుందని నాకు ఆ రోజే తెలిసింది. మా షాపుకొచ్చిన ఒక ముసలాయన నెత్తి మీద కళ్లజోడు పెట్టుకుని షాపంతా వెతికించిన కథ చెప్పాను. ఈయన నవ్వారు. కారులో నేను కథ చెప్పడమా! అంతకు ముందు నా నోటి నుంచి వచ్చే మాటలన్నీ "అయ్యో", "చూసుకోండి", "బాబోయ్" మాత్రమే. తర్వాత ఎప్పుడో నిద్రపట్టింది. కళ్లు తెరిచేసరికి అక్కావాళ్ల గేటు ముందున్నాం.

మా అక్కకి ఈయనంటే మంచి అభిప్రాయమే, డ్రైవింగ్ సంగతి తప్ప. "కుక్కతోక వంకరే, దానికి కర్ర కట్టినా ఒకటే" అని నాతో ఎన్నోసార్లు అంది. అందుకే ఆ రోజు నా నోరు ఆగలేదు. భోజనాల దగ్గర అందరూ కూర్చున్నాక మొదలుపెట్టాను.

"అక్కా, మీ మరిది మారిపోయారు. దారంతా నిద్రపోయానంటే నమ్ము. ఒక్కసారి కూడా గట్టిగా బ్రేకు వెయ్యలేదు."

"నిజంగానా?" అంది అక్క, ఈయన వైపు చూస్తూ.

"నిజం. నేను ఏడ్చిన రోజు ఏమీ అనలేదు గానీ, మనసులో పెట్టుకున్నారు. మొగుడు మాట వినడని నువ్వే అంటావు. వింటారే, మనం చెప్పే తీరులో చెబితే."

ఎంత గొప్పలు పోయానో! కాపురాలు చక్కదిద్దడం మీద అక్కకి పాఠం కూడా చెప్పాను. ఈయన పళ్లెంలోకి చూస్తూ తింటున్నారు. సిగ్గుపడుతున్నారనుకుని ఇంకాస్త పొగిడాను.

చేతులు కడుక్కున్నాక బావ కారు చూసొస్తానని బయటికి వెళ్లాడు. మా బావకి బండ్లంటే పిచ్చి, తన మోటర్‌సైకిల్‌ని తనే విప్పి బిగించుకుంటాడు. లోపలికొస్తూనే చప్పట్లు కొట్టాడు.

"ఓహో, కొత్త టైర్లా! రబ్బరు మీద వెంట్రుకలు కూడా ఊడలేదు. అందుకా మరదలా, మీ ఆయన అంత బుద్ధిమంతుడైంది!"

"టైర్లకీ దానికీ ఏం సంబంధం బావా?" అన్నాను.

"అయ్యో, నీకు చెప్పలేదా? కొత్త టైరు అచ్చులోంచి ఊడి రావడానికి ఫ్యాక్టరీలో జారుడు మందు పూస్తారు. ఆ పొర అరిగిపోయేదాకా గట్టిగా తొక్కకూడదు, గట్టిగా బ్రేకు వెయ్యకూడదు, మలుపుల్లో దూకించకూడదు. కొన్ని వందల కిలోమీటర్లు కొత్త పెళ్లికూతురిని తీసుకెళ్లినట్టు తీసుకెళ్లాలి. ఏమయ్యా, అంతేనా?"

ఈయన చెవులు ఎర్రబడ్డాయి. "అవునండీ" అన్నారు.

బావ ఒక్కడే నవ్వాడు. అక్క కూడా నవ్వి ఉంటే బాగుండేది. "చెప్పానా?" అని దెప్పినా బాగుండేది, దానికి సమాధానం చెప్పగలను. అక్క నవ్వలేదు. నా చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుని, ఏమీ విననట్టు వంటింట్లోకి వెళ్లిపోయింది. నా తల కొట్టేసినట్టయింది. మొగుడు నా మాట విన్నాడని ఇంతసేపు అందరి ముందూ ఊరేగాను. విన్నది టైర్ల షాపాయన మాట. నేను మెట్ల మీద కూర్చుని ఏడిస్తే రాని భయభక్తులు, నాలుగు రబ్బరు చక్రాలు పాడవుతాయంటే వచ్చాయి.

బయల్దేరేటప్పుడు అక్క నన్ను పక్కకి లాగింది. "ఉండిపోవే. రేపు బస్సులో వెళ్దువుగాని."

"వద్దక్కా, నవ్వులపాలైంది చాలు" అని వచ్చి కారులో కూర్చున్నాను.

మళ్లీ అదే మెల్లటి నడక. వచ్చేటప్పుడు హాయిగా ఉన్న నడకే, ఇప్పుడు ఒళ్లంతా మంటగా ఉంది. ఊరి పొలిమేర దాటాక ఈయన నోరు విప్పారు.

"పొద్దున చెప్పాలనే అనుకున్నాను. నువ్వు నిద్రపోయావు. నువ్వు కారులో నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు. లేపబుద్ధి కాలేదు."

"భోజనాల దగ్గర మేలుకునే ఉన్నాను కదా."

"అప్పుడు తలెత్తలేకపోయాను. సిగ్గేసింది."

"సిగ్గు మీకా, నాకా? నా కోసమే అనుకున్నానండీ" అన్నాను. ఆ మాట పైకి అనేసరికి ఇంకా చిన్నబోయాను. వెనక లారీ హారన్ కొడితే ఈయన పక్కకి జరిగి దారిచ్చారు.

"ఇంకా ఎంతుంది?" అన్నాను చివరికి.

"ఏమిటి?"

"మీ టైర్లకి. ఇంకా ఎంత దూరం ఇలా నడపాలి?"

మీటరు వైపు చూశారు. "ఇల్లు చేరేసరికి సగం పైన అవుతుంది. ఇంకో వారం పడుతుందేమో."

"అయితే ఆ వారం నన్ను షాపు దగ్గర దింపండి. అయిపోయిన రోజు చెప్పండి, మళ్లీ బస్సెక్కుతాను."

ఎత్తిపొడవాలనే అన్నాను. నోట్లోంచి బయటికొచ్చేసరికి అడుక్కుంటున్నట్టు వచ్చింది. ఈయన పక్కన భయం లేకుండా కూర్చోవాలని నాకంత ఆశ ఉందని అప్పటిదాకా నాకే తెలియదు. నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

"ఒక వారమేమిటి, ఎప్పటికీ ఇలాగే నడుపుతాను" అంటారేమోనని ఆయన మొహంలోకి చూశాను. ఈయన నోరు మూసుకుని ఊరుకుంటారే గానీ, నోరు తెరిస్తే అబద్ధం ఆడరు. పెదవులు రెండు మూడుసార్లు కదిలాయి. ఆ పూల తోట వచ్చింది, వెళ్లిపోయింది. ఆ తర్వాత, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "సరే, చెబుతాను" అన్నారు.