ఆ గంటలో ఏమీ వినిపించలేదు

నేను దర్జీని. నా కొట్టులో పనిని కళ్ళతో కాదు, చెవులతో చూసుకుంటాను. తెర ఇవతల కూర్చుని నేను బట్ట కత్తిరిస్తుంటే, అవతల నాలుగు మిషన్లు టకటకలాడుతూ ఉండాలి. ఒకటి ఆగిందా, "ఏంటర్రా, కబుర్లా?" అని ఇక్కణ్ణించే కేకేస్తాను. ముప్ఫై ఏళ్ళలో ఈ చెవులు నన్ను మోసం చేసింది ఒక్కసారే. అది నా కూతురి విషయంలో.

అమ్మాయికి తొమ్మిదేళ్ళప్పుడు పియానో పిచ్చి పట్టింది. ఎక్కడ అంచు దొరికితే అక్కడ వేళ్ళు ఆడించేది. కత్తిరింపు బల్ల, కిటికీ గట్టు, చివరికి కునుకు తీస్తున్న నా వీపు.

"పిల్లకి పియానో నేర్పిద్దామండీ, లేకపోతే మీ వీపు అరిగిపోయేలా ఉంది," అంది మా ఆవిడ.

ఒక స్కూలు వాళ్ళు పాత పియానో తీసేస్తుంటే తెచ్చి, కొట్టు వెనక గదిలో గోడకి చేర్చాం. టీచరును వెతకడం నా వంతు. ఇద్దరు దొరికారు. ఇద్దరూ ముందు ఒక పాఠం చూసి నిర్ణయించుకోమన్నారు.

మొదటావిడ వయసు మళ్ళిన మనిషి. నన్ను ముందుగదిలో కూర్చోబెట్టి, పిల్లని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసుకుంది. చెవులు రిక్కించాను. టంగుమని ఒక్క మోత. తరవాత చడీ చప్పుడూ లేదు. చాలాసేపటికి మళ్ళీ అదే మోత, మళ్ళీ నిశ్శబ్దం. గంటసేపూ ఇదే తంతు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బయటికొచ్చిన పిల్ల ఏదో లోకంలో ఉంది, పిలిస్తే పలకలేదు. భయపడిందనుకున్నాను.

"మీ అమ్మాయి బాగా వింటుందండీ," అందావిడ.

"వినడానికి కాదండీ, వాయించడానికి తీసుకొచ్చాను," అన్నాను.

ఆవిడ నొచ్చుకోలేదు. "వచ్చే బుధవారం తీసుకురండి," అంది. ఆ బుధవారం ఆవిడ ఎదురుచూసే ఉంటుంది. రావడం లేదని కబురైనా చెయ్యలేదు నేను. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రెండో మాస్టారి గోడనిండా సర్టిఫికెట్లే. తలుపు మూశాడో లేదో మోత మొదలైంది, గంటసేపు ఆగలేదు. నా నాలుగు మిషన్లూ ఒక్కసారే నడుస్తున్నట్టు ప్రాణం లేచొచ్చింది. పాఠం అయ్యేసరికి పిల్ల ఒక పాట ముక్క వాయించేసింది కూడా.

"చూశావా, పనంటే ఇదీ!" అన్నాను ఇంటికొచ్చి.

"పిల్లని కూడా ఒక మాట అడగండి," అంది మా ఆవిడ.

"దాన్ని అడిగేదేంటి, దానికేం తెలుసు?" అని కొట్టిపారేశాను.

మాస్టారు చెడ్డవాడు కాదు, పాపం. ఐదేళ్ళు ఒక్క రోజు నాగా పెట్టకుండా నేర్పాడు. అమ్మాయి ఐదు పరీక్షలు పాసైంది. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ సంగతి చెప్పి ప్రాణం తీశాను. ఆ సందట్లో బల్ల అంచు మీద ఆ వేళ్ళు ఎప్పుడు ఆడడం మానేశాయో నేను గమనించనేలేదు. ఐదో సర్టిఫికెట్టు వచ్చిన రోజున పిల్ల పియానో మూత దించేసి, "ఇక చాలు నాన్నా," అంది. బతిమాలాను, తిట్టాను, అలిగాను. మూత లేవలేదు. ఇప్పుడు దాని మీద ఇస్త్రీ బట్టలు పెట్టుకుంటున్నాం.

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. మిషన్లు నాలుగూ ఒక్కసారే ఆగి, కొట్టంతా చప్పబడింది. పక్కన కూర్చుని కాజాలు కుడుతున్న అమ్మాయి సూది ఆపి తల పక్కకి వంచింది.

"ఏంటమ్మా?"

"ఏం లేదు, మొదటి టీచరమ్మ గుర్తొచ్చింది. ఒక మీట నొక్కి, మోత ఎక్కడ ఆగిపోతుందో చెప్పమనేది. ఆగిపోయిందంటే, 'ఇంకా ఉంది, విను' అనేది. ఆఖరిసారి నిజంగానే ఉంది నాన్నా. ఎంత సన్నగానో! నాకు ఏడుపొచ్చింది, అంత బాగుంది."

కత్తెర కింద పెట్టేశాను. "మరి అప్పుడే చెప్పలేదేం?"

"రెండో మీట కూడా అలాగే వినిపిస్తుందా అని వచ్చే బుధవారం అడుగుదామనుకున్నాను. మనం వెళ్ళలేదు కదా."

ఇంతలో కరెంటొచ్చింది. మిషన్లు మళ్ళీ అందుకున్నాయి. "ఆపండి!" అని కేకేశాను. ముప్ఫై ఏళ్ళలో ఆ మాట నా నోట రావడం అదే మొదలు, అందరూ బిత్తరపోయారు. వెనక గదిలోకి వెళ్ళి, బట్టలు తీసి, మూత ఎత్తి ఒక మీట నొక్కి పట్టుకున్నాను. టంగుమంది. తరవాత నాకేమీ వినిపించలేదు.

"ఇంకా ఉందా అమ్మా?" అని అడిగాను.

అమ్మాయి గుమ్మంలో నిలబడి చాలాసేపు విన్నది.

"తెలియడం లేదు నాన్నా," అని చెప్పి, కాజాలు కుట్టుకోవడానికి వెళ్ళిపోయింది.