గాలిలో కలిపిన మిక్చరు

"అనుకోండి" అనే మాట రోజుకి ఎన్నిసార్లు వాడేవాణ్ణో ఆ భగవంతుడికే తెలియాలి. ఇది త్రాసు అనుకోండి. ఇది మెజరు గ్లాసు అనుకోండి. ఈ సీసాలో పిప్పర్‌మెంటు నీళ్లున్నాయనుకోండి. నేను ఖాళీ చేతులు గాల్లో తిప్పుతూ చెబుతుంటే, ఎదురుగా పిల్లలూ ఖాళీ చేతులు గాల్లో తిప్పేవాళ్లు. కొత్తవాడెవడైనా కిటికీలోంచి తొంగిచూస్తే ఏదో నాటకం రిహార్సల్ జరుగుతోందనుకుని పోయేవాడు.

నా పేరు వీరరాఘవయ్య. సర్కారు ఆసుపత్రిలో మందులు కలిపి కలిపి రిటైరయ్యాను. మోకాళ్ల నొప్పులతో ఇంట్లో పడి ఉండాల్సినవాణ్ణి. జగన్నాథరావు గారు తిరువూరులో ఫార్మసీ కాలేజీ పెట్టి, "ప్రాక్టికల్స్ మీరే చెప్పాలి మాస్టారూ" అంటే, నా ఖర్మ కొద్దీ ఒప్పుకున్నాను. డెబ్భైల మొదట్లో సంగతిది. కాలేజీ ఉన్న ఆ షెడ్డు అంతకుముందు మామిడికాయల గోడౌను. ఎండాకాలం వచ్చిందంటే గోడల్లోంచి మాగిన వాసన కొట్టేది.

సామాన్లు లేక కాదు సుమా ఈ అనుకోవడాలు! సామాన్లు దండిగా ఉన్నాయి. మద్రాసు నుంచి తెప్పించిన త్రాసు, మెజరు గ్లాసులు, పింగాణీ కల్వాలు, గాజు మూతల సీసాలు అన్నీ అద్దాల బీరువాలో వరసగా మెరుస్తూ ఉండేవి. బీరువాకి తాళం. తాళంచెవి జగన్నాథరావు గారి మొలతాడుకి. దసరాకి ఆయుధపూజ రోజున మాత్రం బీరువా తెరిచి, త్రాసు పళ్లేలకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మళ్లీ తాళం వేసేవారు. పిల్లలు దూరంగా నిలబడి దణ్ణం పెట్టుకునేవాళ్లు.

నేను అడగలేదని కాదు. నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"పిల్లల చేతికిస్తే మిగుల్తాయా మాస్టారూ? రేపు ఇన్‌స్పెక్షన్ వాళ్లొస్తే పగిలిన పెంకులు చూపించమంటారా?" అనేవారాయన.

"ముట్టుకోకుండా చదువెలా వస్తుందండీ?"

"మీరున్నారుగా చెప్పడానికి!"

మనిషి చెడ్డవాడు కాడు. ఆయన భార్య మాణిక్యమ్మ గారి పెళ్లినాటి వెండి కంచాలు కూడా గుడ్డలో చుట్టి అటక మీదే ఉన్నాయి. ఇంటిల్లిపాదీ సత్తు కంచాల్లో తింటారు. ఆ అలవాటే కాలేజీకీ వచ్చింది. కొన్నాళ్లకి నాకూ ఓపిక పోయింది. గోడకి చెప్పుకున్నా ఒకటే ఈయనకి చెప్పుకున్నా ఒకటే అనుకుని, గాల్లో మిక్చర్లు కలపడం మొదలుపెట్టాను.

ఆ క్లాసులో అబీదా అని ఒక పిల్ల. బస్టాండు దగ్గర సైకిల్ షాపు నడిపే నన్నే సాహెబ్ అనే ఆయన కూతురు. ఖాళీ చేతుల్తో ఆ పిల్ల చేసినంత నీటుగా ఇంకెవరూ చేసేవాళ్లు కాదు. లేని సీసాని ఎడమచేత్తో వంచేది. లేని గ్లాసుని కంటికి ఎదురుగా ఎత్తిపట్టుకుని, లేని గీత దగ్గర ఆగేది. చూస్తుంటే ముచ్చటేసేది, వెంటనే ఒళ్లు మండేది.

"సార్, ఆ సీసా ఎంత బరువుంటుంది?" అని అడిగిందొకసారి బీరువా వైపు చూస్తూ.

"ఎంతో కొంత ఉంటుందిలే, అనుకో!" అని కసిరాను. పాపం, ఆ పిల్లని కసిరి ఏం లాభం?

గంపలగూడెంలో సిస్టర్లు నడిపే చిన్న ఆసుపత్రి ఉంది. మందులిచ్చే పని అబీదాకే ఇస్తామని మాటిచ్చారు వాళ్లు. పరీక్ష పాసైతే జూన్‌లో చేరడమే. ఫెయిలైతే మాత్రం ఆగరు, ఇంకొకర్ని పెట్టుకుంటారు. నన్నే సాహెబ్ తన షాపుకి పంక్చర్ వేయించుకోవడానికొచ్చిన ప్రతివాడికీ ఈ సంగతి చెప్పేవాడు.

పరీక్ష రోజు రానే వచ్చింది. బెజవాడ నుంచి ఎగ్జామినర్ దిగాడు. బస్సులో నిలబడి వచ్చాడేమో, మొహం వాడిపోయి ఉంది. వస్తూనే సాయంత్రం బస్సెన్నింటికని అడిగాడు. జగన్నాథరావు గారు స్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని, తాళం తీశారు. సామాన్లు బల్ల మీదకొచ్చాయి. త్రాసు పళ్లేలకి దసరా కుంకుమ ఇంకా అలాగే అంటుకుని ఉంది.

మొదటి పేరే అబీదాది. పిల్లలకి కడుపునొప్పికిచ్చే మిక్చరు కలపమన్నాడు.

అబీదా బల్ల ముందు నిలబడి, సీసా అందుకుంది. మూత తిప్పింది. రాలేదు. రెండేళ్లుగా బిగుసుకుపోయిన గాజుమూత ఎలా వస్తుంది? ఇంకోసారి తిప్పింది. ఎగ్జామినర్ వాచీ చూసుకున్నాడు. అంతే, ఆ పిల్లకి కంగారు పుట్టింది. మూత ఉన్న సీసానే గ్లాసు మీదికి వంచింది. చుక్క పడలేదు. ఖాళీ గ్లాసుని కంటికి ఎదురుగా ఎత్తి, గీత దగ్గర చూసి, "పదిహేను మిల్లీలీటర్లు సార్" అంది. సోడా పొడి డబ్బా మూత తియ్యకుండానే త్రాసు మీదికి వంచింది. తూచింది. కల్వంలో ఏమీ లేకుండా నూరింది. ఒక్క మెట్టు తప్పలేదు. అచ్చం నేను నేర్పినట్టే చేసింది.

గదిలో ఎవరూ నవ్వలేదు. వాళ్లందరూ అలాగే చేసేవాళ్లు మరి. నాకు మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇదేంటమ్మా?" అన్నాడు ఎగ్జామినర్.

అబీదా గ్లాసులోకి చూసింది. తనేం చేసిందో అప్పుడు తెలిసింది ఆ పిల్లకి. మొహం తెల్లబోయింది.

ఎగ్జామినర్ పెద్దగా నిట్టూర్చాడు. "ఏ ఊరెళ్లినా ఇంతే. పద్ధతి అయితే తెలుసు కదా, పాస్ వేస్తున్నాన్లే. వెళ్లు. తర్వాత ఎవరు?"

జగన్నాథరావు గారి మొహం వెలిగింది. ఎగ్జామినర్ తాగడానికి సోడా తెమ్మని ఎవరినో కేకేశారు.

అబీదా కదల్లేదు. "సార్, నన్ను ఫెయిల్ చెయ్యండి" అంది.

"ఏంటీ?"

"నేను గంపలగూడెంలో మందులివ్వాలి సార్. అక్కడికి పిల్లల్ని, జబ్బుందనుకోండి అని తీసుకురారు కదా. నిజంగానే ఉంటుంది. నాకు చేత్తో చెయ్యడం రాదు సార్. ఫెయిల్ చేస్తే మళ్లీ ఇక్కడే నేర్చుకుంటాను."

"మతుండే మాట్లాడుతున్నావా అమ్మాయ్? మీ నాన్నకేం చెబుతావు?" అన్నారు జగన్నాథరావు గారు.

"ఇదే చెబుతానండి."

ఎగ్జామినర్ నా వైపు తిరిగాడు. "మీరేమంటారు మాస్టారూ?"

నిజం చెప్పొద్దూ, నాకప్పుడు ఇంటికి పోయి పడుకోవాలని ఉంది. పాస్ వెయ్యండి అంటే అయిపోయేది. పిల్లకి ఉద్యోగం, నన్నే సాహెబ్‌కి పండగ, నా మోకాళ్లకి విశ్రాంతి. కానీ ఆ పిల్ల మొహం చూస్తే కోపం తన్నుకొచ్చింది.

"ఆ అమ్మాయి అడిగినట్టే చెయ్యండి సార్. అసలు అందర్నీ ఫెయిల్ చెయ్యండి. మీరు మళ్లీ వచ్చేసరికి ఈ బీరువాలో నాలుగు గ్లాసులైనా పగిలి ఉండకపోతే, నేను చదువు చెప్పినట్టు కాదు!"

వెనకనుంచి ఏడుకొండలు అనే కుర్రాడు, "మేమేం పాపం చేశాం సార్!" అన్నాడు ఏడుపుమొహంతో.

"అడిగినవాళ్లకే వేస్తాను. బస్సు పోతుంది నాకు" అన్నాడు ఎగ్జామినర్. అబీదాకి ఫెయిలు వేశాడు. మిగతా వాళ్లందరూ గాల్లో మిక్చర్లు కలిపి పాసయ్యారు. గంపలగూడెం ఉద్యోగం ఏడుకొండలుకి వచ్చింది. మూత రాని సీసాతో ఆ కుర్రాడు అక్కడేం అవస్థ పడతాడో, వాడి చేతి మందు తాగే పిల్లల గతేంటో, తలుచుకుంటే భయమేసింది.

ఆ వారంలోనే నన్నే సాహెబ్ మా ఇంటికొచ్చాడు. తిడతాడనుకున్నాను. అరుగు మీద కూర్చుని చాలాసేపు చేతులకంటిన గ్రీజు తుడుచుకున్నాడు.

"మా అమ్మాయి చేసింది తప్పా మాస్టారూ?"

"కాదు సాహెబ్. మంచిపని చేసింది."

"మరెందుకండీ ఇంటికాడ అంతలా ఏడుస్తంది?"

మంచినీళ్లిచ్చాను. తాగి వెళ్లిపోయాడు.

కాలేజీ మళ్లీ తెరిచిన రోజు జగన్నాథరావు గారు క్లాసులోకి వచ్చారు. కొత్త పిల్లల మధ్య మళ్లీ కూర్చున్న అబీదాని చూసి, మొలతాడు నుంచి తాళంచెవి విప్పి బల్ల మీద పెట్టారు. "పగిలితే నాకు చెప్పొద్దు మాస్టారూ, వినలేను" అని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయారు.

బీరువా నేను తెరవలేదు. అబీదాని తెరవమన్నాను. పిప్పర్‌మెంటు నీళ్ల సీసా మూతకి వేడినీళ్ల గుడ్డ చుట్టించి, పిడికిలితో మెల్లిగా తట్టమన్నాను. ఎంతసేపటికో టక్కున ఊడింది. గదంతా వాసన గుప్పుమంది. అబీదా సీసా వంచింది. అంత బరువుంటుందని ఊహించలేదు కాబోలు, చెయ్యి తూలి, నీళ్లు గ్లాసులో సగం, మణికట్టు మీద సగం పడ్డాయి.

కొత్త పిల్లలు కిసుక్కున నవ్వారు. అబీదా నవ్వలేదు. చేతివైపే చూస్తూ నిలబడిపోయింది. కళ్లనిండా నీళ్లు.

"తడిగా ఉంది సార్" అంది.

"ఉంటుందమ్మా. తుడుచుకుని మళ్లీ పొయ్యి" అన్నాను.