అలోయిస్ అరగదీసిన బోల్టు

గర్ర్... గర్ర్...

ఇనుము మీద ఆకురాయి. తుప్పు వాసన, కొబ్బరినూనె వాసన, చూరు నుంచి కారే వాన.

తుపాకీ జపాను వాళ్లది. వాళ్ల యుద్ధం ముగిసి యాభై ఏళ్లు కావస్తోంది. చిలగడదుంపల మడి తవ్వుతుంటే బయటపడింది. తూటాలు మాత్రం మొన్న చచ్చిన సర్కారు సైనికుడి నడుమున దొరికినవి. సన్నవి... ఈ తుపాకీ ఎరగనివి.

గొట్టాన్ని ఈ తూటాలకు సరిపెట్టడం అయిపోయింది. ఇక బోల్టు — తూటా వీపు పట్టుకుని, పేలినప్పుడు ఆ దెబ్బంతా కాచుకునే ఉక్కు ముక్క. అది కాచుకుంటే గుండు ముందుకు పోతుంది.

కాచుకోకపోతే దెబ్బ వెనక్కి వస్తుంది. పేల్చేవాడి మొహం మీదికి.

బూగన్‌విల్ దీవి చుట్టూ సముద్రం మీద సర్కారు కాపలా పడవలు. మందుల్లేవు. సబ్బు లేదు. తూటాల్లేవు. ఉన్నదల్లా కొబ్బరికాయలూ, మూతపడ్డ రాగిగని ఇనుమూ. ఆ గనిలో ఒకప్పుడు ఫిట్టరు కాబట్టి ఊరి తుపాకులన్నీ అలోయిస్ ఒళ్లోకే వస్తాయి.

ఇది సెవరిన్‌ కోసం.

సెవరిన్ అక్క కొడుకు. ఇక్కడ బిడ్డది తల్లి వంశం. ఎత్తుకుని తిరిగేది మేనమామ. నడక నేర్పింది అలోయిస్. చేపలు పట్టడం నేర్పింది అలోయిస్. ఇప్పుడు చావుకు పంపేదీ అలోయిసేనా?

పొద్దున అక్క స్కొలాస్టికా వచ్చి గుమ్మంలో కూలబడింది.

"తుపాకీ ఇస్తే యుద్ధానికి పోతాడు. ఇవ్వకపోతే కత్తి పట్టుకుని పోతాడు. వాడు నా మాట వినడు. ఏదో ఒకటి చెయ్యరా తమ్ముడూ!"

ఏదో ఒకటి.

గర్ర్... గర్ర్...

కొండ మీద సర్కారుతో పోరాడే కుర్రాళ్లకో కట్టుబాటు ఉంది. తుపాకీ చేసినవాడే మొదటి గుండు పేల్చాలి. ఇద్దరి కళ్లు పోయాక పెట్టుకున్నది అది.

వంశానికో కట్టుబాటు ఉంది. మేనమామ పోతే మేనల్లుడు ఆయుధం ముట్టకూడదు, ఊరు దాటకూడదు. పందులు కోసి పెద్ద విందు పెట్టేదాకా అంతే.

పందులేవీ? ఉన్నవాటిని ఎప్పుడో తినేశారు. విందు ఇప్పట్లో జరగదు. యుద్ధమే ముందు ముగుస్తుంది.

అలోయిస్‌కు నవ్వొచ్చింది. నవ్వుతూ ఏడ్చాడు.

ఆకురాయి ఇక చాలన్న చోటికి వచ్చింది. అతని చెయ్యి ఆగలేదు... ఇంకాస్త. ఇంకాస్త. బోల్టు పైకి నున్నగా, అందంగా ఉంది. లోపల దాని బలం పోయింది.

అతను చావును ఇంత శ్రద్ధగా ఎన్నడూ చెక్కలేదు.

వాన వెలిసింది. మొదటి గుండు చూడటానికి ఊరు మడి దగ్గర చేరింది. స్కొలాస్టికా దూరంగా నిలబడింది.

"మామా, ఆ ముసలి తుపాకీ కంటే నీ పొడిదగ్గే గట్టిగా పేలుతుంది!" అన్నాడు సెవరిన్. అందరూ నవ్వారు.

అలోయిస్ తూటా పెట్టాడు. బోల్టు మూశాడు. చెంపకు ఆనించబోయాడు.

ఒక చెయ్యి వచ్చి తుపాకీ లాక్కుంది.

"ఇలా ఇవ్వు. నీ కన్ను పోతే ఊరికి తుపాకులెవరు చేస్తారు? కట్టుబాటు గిట్టుబాటు తర్వాత చూద్దాం."

సెవరిన్. చెంప తుపాకీ కర్రకు ఆనింది. ఒక కన్ను మూసుకుంది. వేలు వంగుతోంది —

"ఒరేయ్ వద్దురా! దాన్ని నేనే చెడగొట్టాను!"



సెవరిన్ తుపాకీ దించాడు. బోల్టు తెరిచి చూశాడు. మామను చూశాడు. తల్లిని చూశాడు. మేనమామ దగ్గర పనంతా చూస్తూ పెరిగినవాడికి చెప్పకుండానే అర్థమైంది.

"ద్రోహి!" అన్నారెవరో వెనక నుంచి. సెవరిన్ వాళ్లవైపు తిరగనైనా తిరగలేదు.

"నిన్ను పాతిపెట్టి నన్ను ఇంట్లో కూచోబెడదామనుకున్నావా మామా?"

అలోయిస్ చెయ్యి చాపినా సెవరిన్ తుపాకీ ఇవ్వలేదు.

"ఇంకో బోల్టు ఉందా?"

లేదు. దీవి మొత్తంలో లేదు.

 సెవరిన్ తుపాకీ భుజానికి తగిలించుకున్నాడు. మిగతా తూటాలు నడుముకు కట్టుకున్నాడు.

"ఒరేయ్... అది పేలిస్తే నువ్వే పోతావురా!"

"పేల్చను. ఊరికే చూపిస్తా. ఇది పనికిరాదని ఆ సైనికులకేం తెలుసు?"

నవ్వాడు. చిన్నప్పుడు చేప జారిపోతే నవ్వినట్టే నవ్వాడు. కొండదారి ఎక్కాడు.

కానీ ఎదుట మనిషి తుపాకీ ఎత్తినప్పుడు... ఆకులు కదిలినప్పుడు... భయంలో వేలు మాట వింటుందా?

అలోయిస్ పరుగెత్తాడు. బురదలో పడ్డాడు. లేచాడు. మళ్లీ పడ్డాడు.

"పేల్చకురా! ఏం జరిగినా పేల్చకురా, సెవరిన్!"

దారి మలుపు తిరిగింది. అతను అరుస్తూనే ఉన్నాడు... తన చేతిపని మీద తనకున్న నమ్మకం అతన్ని చంపేస్తోంది.