చుక్కల కోడిని పట్టిన చేతులు

“తింటోంది, తాగుతోంది, గడ్డిలో కాలు దువ్వుతోంది. దీనికి రోగమెక్కడుందే? నీ బుర్రలో ఉంది!” పొద్దుట్నుంచి ముసలాయన పెరట్లోని చుక్కల కోడిని చూపించి ఈ మాట అనడం ఇది మూడోసారి.

ఆయన భార్య మూతికి మాస్కు కట్టుకుంటూ అంది: “షెడ్డులో కోళ్ళూ సాయంత్రం దాకా తిన్నాయి. తెల్లారేసరికి తురాయిలు నల్లబడ్డాయి.”

“నీతో వాదించే బదులు కోడికి పళ్ళు తోమొచ్చు!”

“తోముదువుగానీ, ముందు పక్కకి జరుగు.”

ఆమె సగం జీవితం ఆ కోళ్ళఫారం షెడ్డులో గుడ్లు ఏరింది. వేళ్ళ కణుపులు గట్టిపడ్డా, ఒక్క గుడ్డు చితక్కుండా తీసే మెత్తదనం వాటిలో మిగిలింది. కిందటి వారం అక్కడ బర్డ్ ఫ్లూ సోకిందని కోళ్ళన్నిటినీ చంపి, గోతుల్లో సున్నం చల్లి పూడ్చారు. పనివాళ్ళకు మాత్రలిచ్చి, గొంతులో తడి తీసి పరీక్షకు పంపారు. ఆమెకు ఏమీ లేదని తేలిన పూట ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు.

పశువుల డాక్టరమ్మ చెప్పిన మాట మాత్రం చెవిలోంచి పోలేదు. “ఈ రోగం నీటి పక్షుల నుంచి కోళ్ళకొచ్చింది. కోళ్ళ దగ్గర మసిలే మనిషికీ అప్పుడప్పుడు అంటుతోంది. పోయిన చోటల్లా కాస్త మారుతుందమ్మా. మనిషి నుంచి మనిషికి పాకడం నేర్చుకునే సందు దానికి మనమివ్వకూడదు.”

పనివాళ్ళందరిలాగే ఆమె కూడా షెడ్డులోని పాత అట్ట ట్రేలు ఇంటికి తెచ్చేది. చుక్కల కోడి వాటిలోనే పొదిగేది. ఆ పెరట్లోనే చంటి మనవరాలు పాకుతూ, దొరికిందల్లా నోట్లో పెట్టుకునేది.

“కోడిని స్నానాల గదిలో దాచేద్దాం అత్తయ్యా, దీన్ని పట్టుకెళ్ళడానికొచ్చే డాక్టరమ్మ మనుషులు చూసి వెళ్ళిపోతారు,” అంది కోడలు, చంటిదాన్ని చంకనేసుకుని గుమ్మంలోంచే.

“బాలింతవై లేవలేనప్పుడు దీని గుడ్లే నిన్ను నిలబెట్టాయి. నాకు తెలీదా తల్లీ? అలాంటిదాని చేత నీ పిల్లకి కీడు చేయించమంటావా?”

కోడలు చంటిదాన్ని తీసుకుని లోపలికి వెళ్ళింది.

డాక్టరమ్మ మనుషులు వచ్చేసరికి ఆమె కోడిని ముంజేతి మీద పడుకోబెట్టుకుని ఉంది. తల రెక్క కిందికి దోపి, మెల్లగా ఊపింది. అది నిద్రపోయింది. “చాలా పెట్టావే తల్లీ,” అంది దాని వీపు నిమురుతూ. నిద్ర చెదరకుండానే వాళ్ళ చేతికి అందించింది. దాని గూటి ట్రేలను వాళ్ళే సంచిలో కట్టి తీసుకెళ్ళారు.

రాత్రి అందరూ భోజనాలకు కూర్చున్నాక చెప్పింది. “షెడ్డు మళ్ళీ తెరిస్తే పనికి పోతాను. మనందరి కంచాల్లోకీ అన్నం అక్కణ్ణుంచే వచ్చింది. కానీ నేనక్కడ చేసినన్నాళ్ళూ ఈ ఇంట్లో కోడి ఉండదు. అక్కడి పుల్ల కూడా ఇంటికి తేను.”

కొడుకు తలూపాడు. కోడలు ఆమె కంచంలో ఇంకో గరిటె అన్నం వడ్డించింది. ముసలాయన చెయ్యి కడుక్కుని, మాస్కు కట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు. తిరిగొచ్చి తలుపు దగ్గరగా వేస్తుంటే ఆమెకు కనిపించింది: కోడి నీళ్ళు తాగే మట్టి చిప్ప, గోడ వారగా బోర్లించి, మీద తెల్లగా సున్నం చల్లి.