మేడమెట్ల సినిమా చివరి నలభై నిమిషాలు

మూడింటికి ఇంటర్వ్యూ. రెండున్నరకే ఆమె సీసాలో నీళ్లు పారబోసి, మళ్లీ నింపి, మళ్లీ పారబోసింది. గుక్కెడు కూడా తాగలేదు.

సినిమాలు చూపించే ఆ యాప్ కంపెనీలో ఆమె టెస్టర్. కొత్త సినిమా ఎక్కగానే తెరవడం, రెండు నిమిషాలు నడపడం, బొమ్మా మాటా కలుస్తున్నాయో లేదో చూసి మూసేయడం. మూడేళ్లుగా ఇదే. విందులో వడ్డించేవాడి ఆకలిలా ఉంది బతుకు. ఇప్పుడు పై అంతస్తులో, ఎంపిక విభాగంలో ఒక సీటు ఖాళీ అయింది. ఏ సినిమాని ముందు పెట్టాలో, దేన్ని అడుక్కి తొయ్యాలో తేల్చే సీటు. అన్నం సయించనంతగా ఆమెకది కావాలి.

దరఖాస్తులో ఒక్కో రకానికి ఒక్కో ఇష్టమైన సినిమా రాయమన్నారు. ఆమె దగ్గర అభిప్రాయాలకి కరువా? కలిశాక ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారో చూపించని ప్రేమకథ సగం సినిమానే అని తేల్చేసింది. ఫైటింగుల్లో, మర్నాడు హీరోకి ఒళ్లునొప్పులు వచ్చిన సినిమాకే ఓటు. కామెడీలో, పోయిన చెప్పు కోసం రెండు గంటలు వెతికే సినిమా. అందులో ఎవరూ నవ్వరు కాబట్టి మనకి నవ్వొస్తుందట. దయ్యాల దగ్గరికొచ్చేసరికి మేడమెట్ల సినిమాని మూడు పేజీల పొడుగునా ఆకాశానికెత్తింది. ఒక పేజీ ముగింపు గురించే.

ఆ ముగింపు ఆమె చూడలేదు. నలభయ్యో నిమిషంలో, ఖాళీ మేడ మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలవగానే ఆపేస్తుంది. పదకొండుసార్లు ఆపింది. మిగతా కథ అక్క చెప్పింది.

పొద్దున కబురొచ్చింది: ఇంటర్వ్యూలో మీ అకౌంట్ తెరిచి, ఏం ఎంతసేపు చూశారో కూడా చూస్తాం. టెస్టింగ్ అకౌంట్‌కి మాటిమాటికీ పాస్‌వర్డ్ కొట్టడానికి బద్ధకించి, మూడేళ్ల ఆఫీసు పనీ సొంత అకౌంట్లోనే లాగించేసింది మరి.

అక్కకి ఫోన్ చేసింది.

“అక్కా, మేడమెట్ల సినిమాలో చివరికి పైన ఉన్నది వాళ్లమ్మే కదా?”

“ఏమే, ఇప్పుడెందుకది?”

“చూశావా లేదా?”

“హాస్పిటల్లో రెండు షిఫ్టులు చేసొచ్చి సోఫాలో ఒరిగానే. కళ్లు తెరిచేసరికి పేర్లు పడుతున్నాయి. నువ్వేమో తలుపు వెనక నుంచి చెప్పు చెప్పు అని ప్రాణం తీశావు. నోటికొచ్చింది చెప్పా.”

“నేను పేజీ రాశానే తల్లీ.”

“బానే రాసుంటావులే.”

రెండు నలభై. మిగిలింది నలభై నిమిషాల సినిమా, ఉన్నది ఇరవై నిమిషాలు. రెట్టింపు వేగంలో, చప్పుడు లేకుండా పెట్టింది. మెట్లు కనబడగానే వేలు తనంతట తనే ఆపేసింది. ఇది పన్నెండోసారి.

ఎంపిక విభాగం పెద్దని అందరూ కత్తెర మేడం అంటారు. మూడింటికి ఇంటర్వ్యూ గదిలో ఆవిడ తెర మీద ఈమె చూసిన జాబితాని కిందికి లాగుతూనే ఉంది.

“తొమ్మిది వందల సినిమాలు. రెండేసి నిమిషాలు. ఏంటమ్మా, సినిమాలు చూస్తున్నావా, ఉప్పు చూస్తున్నావా?”

“టెస్టింగ్ మేడం. నా అకౌంట్లోనే చేసేశాను.”

“సరే. ఈ మేడమెట్లది మాత్రం నలభై నిమిషాలు, పన్నెండుసార్లు. ముగింపు మీద పేజీ రాశావు. ఎక్కడ చూశావు?”

సినిమా హాల్లో చూశానంటే సరిపోయేది. అడిగేవాళ్లు లేరు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

“చూడలేదు మేడం. భయం. మా అక్క చెప్పింది. ఆవిడా చూడలేదట.”

కత్తెర మేడం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“ఇక్కడే కూర్చుని చూడు. అప్పుడు మాట్లాడదాం.”

“సౌండ్ తగ్గించుకోవచ్చా?”

“వద్దు.”

అడుగుల చప్పుడు మొదలైంది. ఆమె రెండు చేతులూ తొడల కింద నొక్కిపెట్టుకుంది. ఒకటి, రెండు, ఏడో మెట్టు. తలుపు తెరుచుకుంది. కళ్లు మూసుకోలేదు. పేర్లు పడేదాకా కదల్లేదు.

“ఎలా ఉంది?”

“అంత మంచి మెట్లు కట్టి, పైన గాలి తప్ప ఏం పెట్టలేదు మేడం. మా అక్క నిద్రలో చెప్పిందే నయం.”

మేడం నవ్వలేదు. కాగితం ముందుకి తోసింది.

“ఈ ముక్కే రాయి. సోమవారం నుంచి యాప్‌లో దయ్యాల సినిమాల వరుస నీది. నూట నలభై ఉన్నాయి. అన్నీ చివరిదాకా చూడాలి.”

“అన్నీనా మేడం?” అంది ఆమె, సంతోషపడాలో పారిపోవాలో తెలియక. కాగితం మాత్రం దగ్గరికి లాక్కుంది.